అప్పాలక్క ఉపవాసం

చర్చి వెనక సందులో, సైకిళ్ళ కొట్టు దాటాక వచ్చే నీలం తలుపు ఇంట్లోంచి ప్రతి శనివారం కాలిన గోధుమపిండి వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఆదివారం పూజకి అప్పాలక్క అప్పాలు చేస్తోందని సందులో అందరికీ తెలుసు. అప్పాలనగానే నోరూరించుకోనక్కర్లేదు. ఇవి తీపి అప్పాలు కావు. పూజలో ఫాదర్ చేతుల మీదుగా క్రీస్తు శరీరమై మనుషుల నాలుక మీదికి వచ్చే తెల్లటి బిళ్ళలు. కాగితమంత పల్చన. పిండీ నీళ్ళూ తప్ప ఇంకో వస్తువు వాటిలో పడకూడదు, పడితే పూజకి చెల్లవు.

ఆమె దగ్గర రెండు ఇనప పలకల కరెంటు పెనం ఉంది. జారుగా కలిపిన పిండి గరిటెతో పోసి మీది పలక మూస్తే చుయ్యిమని ఆవిరి లేస్తుంది. తెరిచేసరికి సిలువ గుర్తులు పడ్డ పల్చటి రేకు తయారుగా ఉంటుంది. వేడి మీద కోశారా, పెళుసుగా విరిగి చేతిలోకి పొడి వస్తుంది. అందుకని తడిబట్ట కప్పిన పెట్టెలో ఆ రేకుల్ని కాసేపు పడుకోబెట్టి, మెత్తబడ్డాక గుండ్రటి కోత గొట్టంతో ఒక్కో బిళ్ళా తీస్తుంది. ఈ పని ఆమెకు కాన్వెంటు వంటింట్లో ఒక ముసలి సిస్టర్ నేర్పింది. ఆవిడకి చెవుడు, కోపం, దయ మూడూ సమానంగా ఉండేవి. "వంట అనుకుని చెయ్యకమ్మాయ్, నీ వంట సంగతి నాకు తెలుసు" అని మొదటి రోజే చెప్పేసింది. సిస్టర్లు ఒక్కొక్కరే ముసలివాళ్ళై కాన్వెంటు మూతబడ్డప్పుడు పెనం అప్పాలక్క ఇంటికి చేరింది. అప్పటికి ఆమె భర్త ఉన్నాడు. బస్సు నడిపేవాడు. ఇంట్లో దేవుడి పెనం ఉందని నాలుగు రోజులు బుద్ధిగా మెలిగి, అయిదో రోజు నుంచి మామూలుగా పోట్లాడటం మొదలుపెట్టాడు. మంచివాడే. తొందరగా పోయాడు.

దేవుడికి ఇంత దగ్గరగా పనిచేసే మనిషిని జనం ఊరికే వదలరు కదా. పరీక్షలప్పుడు పిల్లల్ని తీసుకొచ్చి తల మీద చెయ్యి పెట్టమనేవాళ్ళు, కాన్పుకి వెళ్ళే ముందు వచ్చి మా కోసం ప్రార్థన చెయ్యమనేవాళ్ళు ఉన్నారు. ఆమె ఎవరినీ కాదనదు. కానీ వాళ్ళెవరూ కనిపెట్టని సంగతి ఒకటుంది. అందరూ తినే ఆ అప్పాన్ని అప్పాలక్క తినడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఎలా దాచిందంటే, అదో విద్య. సత్ప్రసాదం కోసం, అంటే ఆ అప్పం అందుకోవడానికి, జనం వరసలు కట్టే వేళకి ఆమెకు సరిగ్గా ఏదో ఒక పని తగులుతుంది. ఎవరి చంటిబిడ్డో ఏడుస్తుంది, ఎత్తుకుని బయటికి పోతుంది. పాటలు పాడేవాళ్ళకి గొంతు ఆరిపోతుంది, నీళ్ళు తెస్తుంది. పొద్దున పూజకి వచ్చేవాళ్ళు ఆమె రెండో పూజలో తీసుకుంటుందనుకున్నారు. రెండో పూజవాళ్ళు పొద్దున్నే తీసేసుకుని ఉంటుందిలే అనుకున్నారు. ఊరందరికీ వడ్డించి తాను పస్తు పడుకున్న మనిషిని ఎవరడుగుతారు, తిన్నావా అని!

పోనీ ఆమెకు అక్కర్లేకనా? ఆ సంగతి శనివారం మధ్యాహ్నం ఆమె చేతుల్ని చూస్తే తెలుస్తుంది. కోసిన బిళ్ళల్ని డబ్బాలో పేరుస్తూ పేరుస్తూ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని అలా ఉండిపోతుంది. అది అప్పటికి ఉత్త పిండి. రేపు పొద్దున పీఠం మీద అది ఇంకొకటి అవుతుందని ఆమెకు చిన్నప్పుడెంత నమ్మకమో ఇప్పటికీ అంతే నమ్మకం. నమ్మకం పోయుంటే బతుకు సుఖంగా ఉండేది. ఆకలేసినప్పుడు అన్నం మీదికి మనసు పోయినట్టు ఆమె మనసు దాని మీదికి పోతూనే ఉంది. బిళ్ళను డబ్బాలో పెట్టి మూత బిగిస్తుంది.

ఎందుకిలా అంటే, తమ్ముడి గురించి చెప్పాలి.

తమ్ముడు ఆమెకంటే రెండు మూడేళ్ళు చిన్న. వాళ్ళ చిన్నతనంలో ఈ విచారణకి, అంటే ఈ చర్చికీ దీని కింది జనానికీ, ఒకే ఒక్క ఫాదర్. ఆయన పోయాక అందరూ పెద్ద ఫాదర్ అంటున్నారు. బడి కట్టించాడు, జబ్బుపడ్డవాళ్ళ మంచాల పక్కన కూర్చున్నాడు, అద్భుతంగా పాడేవాడు. ఇవన్నీ నిజమే. కష్టమంతా అక్కడే ఉంది. దుర్మార్గుడు దుర్మార్గుడిలా కనిపిస్తే లోకానికి ఇన్ని ఏడుపులుండవు. తమ్ముడు పీఠం దగ్గర సాయం చేసే పిల్లల్లో ఒకడు. వాడికి తెల్ల అంగీ తొడిగి, తల దువ్వి, మురిసిపోతూ పంపేది తల్లి.

ఒకరోజు వాడు వెళ్ళనని మంచం కోడు పట్టుకున్నాడు. ఎందుకురా అంటే చెప్పాడు. ఫాదర్ తన గదిలో ఏం చేశాడో వాడికి తెలిసిన మాటల్లో చెప్పాడు, మాటలు తెలియని చోట ఏడ్చాడు. తల్లి చెంప పగలగొట్టింది. ఆ తర్వాత ఆమె చేసిన పని ఇంకే మతంలో పుట్టిన తల్లీ చేసి ఉండదు. ఫాదర్ మీద అబద్ధం చెప్పడం చావైన పాపమని, ఆత్మని నేరుగా నరకానికి పంపేదని ఆమె నమ్మకం. ఆ పాపంతో పిల్లవాడికేమైనా అయితే వాడి ఆత్మ ఏమైపోవాలి? కడుపుతీపి కదా, గడగడ వణికిపోయింది. వాణ్ణి రెక్క పట్టుకుని పాపసంకీర్తనానికి లాక్కెళ్ళింది, అంటే పాపం ఒప్పుకుని క్షమాపణ అడగడానికి. ఊళ్ళో ఉన్నది ఒకే ఒక్క ఫాదర్ అని చెప్పాను కదా. పాపాలు వినే గూటికి ఉండే చెక్కజాలీకి ఇవతల పిల్లవాడు, అవతల ఆయన.

ఆయన వాడికి ప్రాయశ్చిత్తం విధించాడు. అబద్ధమాడినందుకు జపమాల మొత్తం, వారం రోజులు. తల్లి దగ్గరుండి చేయించింది. వాడు ఒంటరిగా మోకాళ్ళ మీద ఉంటే పాపం అనిపించిందో ఏమో, కూతుర్ని కూడా పక్కన మోకరించమంది, తోడుగా. తమ్ముడేదో అబద్ధం చెప్పాడట అన్నంత వరకే ఆ పిల్లకి తెలుసు. వాడు పెదవి విప్పడం లేదు, అమ్మ కర్ర తీస్తుందేమోనన్న భయంతో ఇద్దరి జపమూ ఆమే గట్టిగా చెప్పింది.

వాడు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మీసాలు వచ్చీ రాకముందే ఇల్లు వదిలి, మోటార్లు చుట్టే పని నేర్చుకుని, చివరికి ఊరికి ఆ కొసన కొట్టు పెట్టుకున్నాడు. చర్చి గేటు దాటింది లేదు. వాడికి గర్వమని తల్లి, చెడు సావాసాలని చుట్టాలు, అసలు వాడంతేనని అందరూ తీర్మానించేశారు. అక్క మాత్రం వాడి కోసం రోజూ ప్రార్థన చేసేది. దేవుడా, వాడికి మంచి బుద్ధి ప్రసాదించు అని. ఆ ప్రార్థన తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తల్లి మంచాన పడ్డాక వాడు వచ్చాడు. రోజూ వచ్చాడు. గోళ్ళు తీశాడు, జావ తాగించాడు, పక్క మార్చాడు. ఆఖరి రోజుల్లో ఒక సాయంత్రం ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది.

"ఆ మాట వెనక్కి తీసుకోరా నాయనా. మనశ్శాంతిగా పోతాను."

వాడు ఆవిడ మీద దుప్పటి సరిచేశాడు.

"తీసుకున్నానమ్మా. అబద్ధమే చెప్పాను" అన్నాడు.

ఆవిడ మొహం తేటపడింది. గుమ్మంలో జావ గిన్నెతో నిలబడ్డ అక్కకి ఏమీ అర్థం కాలేదు. పెరట్లోకి వెళ్ళి, ఏ మాటరా అని నిలదీసింది. వాడు చెప్పాడు. మొత్తం చెప్పాడు. చెప్పి, "నా జన్మలో ఆయన గురించి చెప్పిన అబద్ధం ఇదొక్కటే అక్కా" అని బకెట్టులోని నీళ్ళతో మొహం కడుక్కున్నాడు.

తల్లిని సాగనంపిన తర్వాతి ఆదివారం అప్పాలక్క మామూలుగానే వరసలో నిలబడింది. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గుతున్న కొద్దీ ఆమె వెనకవాళ్ళని ముందుకి పంపుతూ వచ్చింది. ఇంట్లో పిల్లవాణ్ణి కొట్టి వీధిలోకి గెంటి, మిగతావాళ్ళంతా కంచాల ముందు కూర్చున్నట్టు అనిపించింది. తాను కూడా కూర్చుని తింటుందా? ఆమె వరసలోంచి తప్పుకుంది. అప్పటి నుంచి అదే ఉపవాసం. దీనికి మొక్కు లేదు, గడువు లేదు. తమ్ముడు వచ్చి పక్కన నిలబడేదాకా ముద్ద దిగదు, అంతే. వాడితో మాత్రం చెప్పలేదు.

తమ్ముడికేమో ఇవేవీ పట్టవు. శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి నేరుగా అక్క దగ్గరికి వస్తాడు. బిళ్ళలు తీసేశాక రేకుల అంచులు మిగులుతాయి కదా, చిల్లులు చిల్లులుగా, అవంటే వాడికి చిన్నప్పటి నుంచి ప్రాణం. గిన్నె ముందు పెట్టుకుని టీలో ముంచుకుని కరకరా నమిలేస్తాడు.

"దేవుడు లేడంటావు, దేవుడి తుక్కంతా నువ్వే తింటావు" అనేది అక్క.

"తుక్కు కాబట్టే తింటున్నా. అసలుది మీరంతా తినండి. ఏదీ, నీ దేవుడి పెనం ఇలా తే, వేడెక్కడం లేదన్నావుగా."

వాడు స్క్రూలు విప్పుతుంటే ఆమె చూస్తూ కూర్చునేది. పూజకి పనికిరాని అంచులు వీడు తింటాడు, పూజకి పోయే బిళ్ళ నేను తినను, ఇద్దరం కలిసి ఒక్క క్రైస్తవుడంత కూడా కాలేకపోయాం అనుకునేది. నవ్వొచ్చేది, వెనకే ఏడుపూ వచ్చేది.

ఇలా ఎంతకాలమైనా జరిగిపోయేదే. కానీ చర్చికి కొత్త హాలు కట్టారు. దానికి పెద్ద ఫాదర్ పేరు పెడుతున్నామని, గుమ్మానికెదురుగా ఆయన నిలువెత్తు ఫోటో పెడుతున్నామని ఒక ఆదివారం ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. హాలు తెరిచే రోజు పూజకి బయట ఊళ్ళ నుంచి కూడా వస్తారు, అప్పాలు బాగా ఎక్కువ కావాలని అప్పాలక్కకి కబురొచ్చింది. ఆమె చెయ్యనంది. ఎందుకని అడిగితే పెనం పాడైందంది.

ఇప్పుడున్న ఫాదర్ కుర్రవాడు, వచ్చి ఏడాదయింది. చిన్న ఫాదర్ అంటారు. గలగలా మాట్లాడతాడు, భోజనం దగ్గర మొహమాటపడతాడు. పెనం బాగుచేయిద్దామని శనివారం మధ్యాహ్నం తానే ఆమె ఇంటికి వచ్చాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడో లేదో, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని తమ్ముడు దిగాడు.

"పెనం పాడైందట కదండీ" అన్నాడు చిన్న ఫాదర్, మాట కలుపుతూ.

"ఎవరన్నారు? పోయిన వారమేగా కొత్త వైరు వేశాను! భేషుగ్గా ఉంది."

అప్పాలక్కకి తల కొట్టేసినట్టయింది. అబద్ధాలాడటం అలవాటు లేని ఇంట్లో ఆడితే ఇలాగే ఉంటుంది. చిన్న ఫాదర్ గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. నేను వచ్చిన దగ్గర్నుంచి మీరు ఒక్కసారి కూడా సత్ప్రసాదం తీసుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

తమ్ముడు అక్కకేసి చూశాడు.

"తీసుకోవడం లేదా? ఎప్పటి నుంచి?"

"అమ్మ పోయిన దగ్గర్నుంచి."

"ఎందుకు?"

"నువ్వు లేకుండా నాకు దిగదురా."

వాడు ఒంటికాలి మీద లేచాడు. "నేనడిగానా? ఏనాడైనా అడిగానా నిన్ను? ఆయన నా దగ్గర తీసుకున్నది చాలలేదా, నీ నోటి దగ్గరది కూడా తీసుకున్నాడా?" అని అరిచాడు. చిన్న ఫాదర్‌కి ఏమీ అంతుపట్టక లేచి నిలబడ్డాడు. తమ్ముడు ఆయన వైపు తిరిగాడు. ఫాదర్ అనే మాట వాడి నోట రాదు, అందుకని సార్ అన్నాడు.

"కూర్చోండి సార్. మీ హాల్లో పెట్టే ఫోటో గురించి చెప్తాను."

నిలబడే చెప్పాడు, కొట్లో మోటారుకేమైందో చెప్పినట్టు. చిన్న ఫాదర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్నీ విన్నాక ఆయన కూడా అందరూ అడిగే పిచ్చి ప్రశ్నే అడిగాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పాను సార్. మొదటి రోజే చెప్పాను. ప్రాయశ్చిత్తం ఇచ్చారు."

తమ్ముడు కిటికీ వైపు చూస్తూ, మరీ చిన్న గొంతుతో అన్నాడు.

"నాకు మీ దేవుడితో పనిలేదు. కానీ ఒక్కటి అడుగుతాను, నవ్వకండి. చెయ్యని తప్పుకి నాతో జపమాల చేయించారు. ఇప్పటికీ ఎక్కడో అది వినిపిస్తే నేనే అబద్ధం చెప్పానేమో అనిపిస్తుంది. ఆ ప్రాయశ్చిత్తం వెనక్కి తీసుకోవడం మీ పద్ధతిలో కుదురుతుందా?"

దేవుణ్ణి వదిలేశాడని ఊరంతా అనుకునే మనిషి, లోపల ఇంత బరువు మోస్తూ టీలో అంచులు ముంచుకు తింటున్నాడని అక్కకి ఇన్నాళ్ళూ తెలియదు.

"దానికి... పై వాళ్ళని కనుక్కోవాలండీ" అని మొదలుపెట్టి చిన్న ఫాదర్ ఆగిపోయాడు. తన మాట తనకే సిగ్గనిపించింది కాబోలు. జేబులోంచి జపమాల తీశాడు. "కనుక్కోవడానికేముంది. తప్పు చేసింది మేము. అది మేము చెయ్యాల్సిన జపం" అని, పిండి రాలిన ఆ నేల మీదే మోకాళ్ళూని మొదలుపెట్టాడు.

మోకరించినవాళ్ళ పక్కన నిలబడటం ఆమెకు చేతకాదు. అలవాటు కొద్దీ అప్పాలక్క కూడా వంగబోయింది. తమ్ముడు ఆమె భుజం పట్టుకుని ఆపాడు.

"నువ్వొద్దక్కా. ఆ రోజు నా బదులు కూడా నువ్వే చెప్పావు. ఇవాళ ఆయన్ని చెప్పనీ."

అక్కాతమ్ముళ్ళు బల్ల మీద పక్కపక్కన కూర్చుని విన్నారు. చిన్న ఫాదర్ మధ్యలో వరస తప్పాడు, మళ్ళీ అందుకున్నాడు. తమ్ముడు ఒక్క మాట కలపలేదు. అయిపోయాక ఆయన లేచి, మోకాళ్ళ పిండి కూడా దులుపుకోకుండా, ఫోటో పెట్టనివ్వనని, మేత్రాణులకి, అంటే పై బిషప్పుకి, తానే చెప్తానని అన్నాడు. పిలిస్తే వచ్చి చెప్తారా అని అడిగాడు. పిలవమనండి, వస్తానన్నాడు తమ్ముడు.

అంతటితో లోకం బాగుపడిపోలేదు. హాలు పేరు లేకుండానే తెరిచారు. పోయినవాళ్ళ మీద నిందలేమిటని కొందరు చిన్న ఫాదర్‌తో మాటలు మానేశారు. కొందరు అప్పాలక్కని చూసి సందులో పక్కకి తప్పుకున్నారు. మేత్రాణుల దగ్గర విచారిస్తున్నామన్న మాట తప్ప ఇంకో మాట ఇంకా రాలేదు. ఆమె వీటన్నిటికీ సిద్ధపడే ఉంది. సిద్ధంగా లేనిది తమ్ముడి మాటకే.

"వచ్చే ఆదివారం నువ్వు తీసుకోవాలి" అన్నాడు, ఆ జపం జరిగిన మర్నాడు ప్రత్యేకంగా ఆ పని మీదే వచ్చి.

"నువ్వు లేకుండా నేను..."

"నా కోసం నువ్వు పస్తుంటే, నాకది ఇంకో ప్రాయశ్చిత్తం అక్కా. అదీ నేను చెయ్యని తప్పుకే. ఇంక నా వల్ల కాదు."

ఆమె సరేనని టీ పెట్టడానికి లేచింది.

ఆదివారం పొద్దున వాడే స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. గేటు బయట ఆపి, గోడకానుకుని నిలబడ్డాడు. వెళ్ళు అన్నట్టు తలూపాడు. ఆమె లోపలికి వెళ్ళి, చంటిబిడ్డల జోలికి పోకుండా, నీళ్ళ జోలికి పోకుండా వరసలో నిలబడింది. ఎన్నేళ్ళ ఆకలి! చిన్న ఫాదర్ ఆమెను చూసి ఒక్క క్షణం తడబడి, "క్రీస్తు శరీరము" అన్నాడు. "ఆమెన్" అంది. తన చేత్తో కోసిన బిళ్ళే నాలుక మీదికి వచ్చింది. కళ్ళనీళ్ళు ధారగా కారిపోయాయి. ఆకలి తీరింది, అందులో అబద్ధం లేదు. కానీ బెంచీ దగ్గరికి తిరిగొచ్చి మోకరించినప్పుడు, తనకు తెలియకుండానే కాస్త పక్కకి జరిగి ఒక మనిషికి చోటు వదిలింది. ఆ చోట్లో ఎవరూ లేరు. ప్రభువు ఇంత దగ్గరికి వచ్చి కూడా ఆ చోటు నింపలేకపోయాడని ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం కూడా ఆయనకే చెప్పుకుంది.

బయటికి వచ్చేసరికి తమ్ముడు స్కూటర్ తిప్పి పెట్టి ఉన్నాడు.

"తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

వాడు ఊపిరి వదిలాడు. ఆమె ఎక్కి కూర్చున్నాక, తల తిప్పకుండానే, "వచ్చే ఆదివారం కూడా దింపుతాలే. నన్ను మాత్రం లోపలికి రమ్మని అడక్కు" అన్నాడు.

"అడగను" అంది.

అడగలేదు కూడా. ఆ పై ఆదివారమూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. కానీ వరసలో నిలబడ్డప్పుడు వెనక ఎవరైనా వచ్చి నిలబడిన అలికిడైతే చాలు, పీఠం వైపు చూడాల్సిన మనిషి తల తిప్పి వెనక్కి చూస్తుంది.